ఎల్లం జీతం

మురహరిరావు తయారు చేయించిన విమానం గాలిలోకి లేచింది ఒక్కసారే. 1946 చలికాలంలో హైదరాబాదు శివారులోని ఒక మైదానం నుంచి బయలుదేరి, ఎల్దుర్తి అవతల రేగులకుంటలో కోటలాంటి ఆయన సొంత గడి ముందు బీడులో దిగింది. ఇద్దరు కూర్చునే విమానం. పేరు మంజీర. ఊరివాళ్లు దాని ముక్కు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. తిరిగి వెళ్లేటప్పుడు అది లేవలేదు. రెక్కలు విప్పి ఎడ్లబండ్ల మీద హైదరాబాదు చేర్చారు.

పోయిన సంక్రాంతి వరకు ఈ సంగతి నాకు తెలియదు. మెదక్‌లో ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేశాను. రేగులకుంటకు కరువు మీద వెళ్లాను, ఎన్నికల మీద వెళ్లాను, ఆ గడి గోడ నీడన కూర్చుని వార్తలు రాసుకున్నాను. విమానం మాట నాతో ఎవరూ అనలేదు. చెప్పినవాడు మదన్ మోహన్. మురహరిరావు మనవడు, హైదరాబాదులో ఉంటాడు. మా ఇంటికి వచ్చి, చాయ తాగి, వచ్చిన పని చెప్పాడు. గడిని బాగు చేయించి తాతగారి పేరు మీద మ్యూజియం పెడుతున్నారు. ఎండాకాలం అయిపోయేలోపు తెరుస్తారు. దానితో పాటు ఆయన జీవితం మీద ఒక పుస్తకం రావాలి. నేను ఉద్యోగం మానేసి ఏడాది అయింది. సరే అన్నాను.

తార్నాకలోని దస్త్రాల కార్యాలయానికి వారాల తరబడి వెళ్లాను. ఆయన విమానాల కార్ఖానాకు అనుమతి ఇచ్చిన కాగితాలు ఉర్దూలో ఉంటే చదివించుకున్నాను. హిమాయత్‌నగర్‌లో మురహరిరావు అన్న కొడుకు ఇంట్లో, భోజనాల బల్ల పైన గోడకు ఒక కొయ్య పంకా వేలాడుతున్నది. అది విమానం ముందు తిరిగేది. నర్సాపూర్ అడవి టేకును పలకలుగా కోసి, పొరలు పొరలుగా అతికించి, చేత్తో చిత్రిక పట్టి చేశారు. రెక్కలకు నేతగుడ్డ తొడిగి, అది బిగిసేదాకా మీద లక్కనూనెలాంటిది పూసేవారు. యుద్ధం రోజుల్లో ఇంజను లేని శిక్షణ విమానాలు చేసి ఇచ్చారు. ఆ తరువాత చేసిన మంజీర ఒక్కటే ఇంజనుది. 1951లో కార్ఖానా మూతపడింది.

నాకు ఆయన నచ్చాడు. గడిలో కూర్చుని తినగలిగిన మనిషి, మా జిల్లాలో ఎవరికీ తోచని పని మొదలుపెట్టాడు. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లు నచ్చడం మంచిది కాదని కొత్త విలేకరులకు చెప్పేవాణ్ని.

హిమాయత్‌నగర్ ఇంట్లో విమానాల ఫొటోలు చాలా ఉన్నాయి. విమానం ముందు పనివాళ్లు వరుసగా నిలబడ్డ ఫొటో ఒకటి ఉంది. వెనక పేర్లు లేవు. మదన్ మోహన్ మ్యూజియం గోడకు ఒక రాతిఫలకం పెట్టించి దాని మీద పనివాళ్ల పేర్లు చెక్కించాలనుకున్నాడు. ఒక్కో పేరు కింద ఆ మనిషి గురించి రెండు మూడు వాక్యాలు. పేర్లు వెతికే పని కూడా నాదే.

ఈ మాట ఇంట్లో అంటే నా భార్య రజని ఫక్కున నవ్వింది. ఆమె ఎల్ఐసీ ఆఫీసులో పనిచేస్తుంది.

"పట్నమంత తిరుగుతున్నవ్, ఇంట్లున్న మనిషినడుగవ్. మా అమ్మోళ్ల నాయిన గాలిమోటర్ల కార్ఖానల చేసిండట. అమ్మనడుగు."

మా దిక్కు పెద్దవాళ్లు విమానాన్ని గాలిమోటరు అంటారు.

మా అత్తమ్మ ఐలవ్వ కంటి ఆపరేషన్‌కు మా ఇంటికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. కొడుకు స్వామికి చేగుంటలో హైవే మీద టైర్ల షాపు ఉంది. అత్తమ్మ ఎనభై దగ్గర పడ్డా కూర్చున్నచోట చేయి ఊరికే ఉంచదు. ఆ రోజు వాకిట్లో చింతపండు ముందర వేసుకుని గింజలు తీస్తున్నది. నేను పీట వేసుకుని పక్కన కూర్చున్నాను. ఫోనులో రికార్డరు నొక్కి కింద పెట్టాను. మీ నాయిన గురించి చెప్పమన్నాను.

"మా నాయిన పేరు ఎల్లం. మురహరి దొర తాన జీతమున్నడు," అన్నది. "దొర పట్నంల గాలిమోటర్ల కార్ఖాన వెడితె ఆడికి తోల్కపోయిండు. పంక తిప్పుడు మా నాయిన పని."

అలాంటి విమానంలో ఇంజను స్టార్టు కావాలంటే ముందున్న పంకాను ఒక మనిషి చేత్తో గట్టిగా తిప్పి, వెంటనే పక్కకు తప్పుకోవాలి. అది ఎల్లం పని.

"ఒకపారి పంక ఎనకకు గొట్టింది. కుడిచెయ్యి మోచేతికాడికి వోయింది. దవాఖానల కోసేసిండ్రు. చెయ్యి వోయినా దొర జీతం ఇడ్వలే."

ఏ సంవత్సరం అని అడిగాను. తను అప్పుడు కడుపులో ఉన్నానన్నది. విమానం ఎగిరిన ఏడాదికి సరిపోయింది. నేను చదివిన కాగితాల్లో, పంకా తగిలి ఒక కూలీకి దెబ్బ తగిలిందని ఒక ముక్క ఉంది. ఆ కూలీ ఎవరో తెలిసింది. నాకు సంతోషమైంది.

"మా అవ్వ నన్ను కడుపుల వెట్టుకొని గడిల పెండ దీసేది. ఇగ నన్ను గూడ..." అంటుండగా ఫోను మోగింది. మదన్ మోహన్. రికార్డరు ఆపి లేచి పక్కకు వెళ్లాను. ఎల్లం సంగతి చెప్పాను. ఆయనా సంతోషపడ్డాడు. నేను తిరిగి వచ్చేసరికి అత్తమ్మ చింతపండు చాటలోకి ఎత్తుకుని లోపలికి పోయింది. మిగతాది మళ్లీ అడగలేదు. నాకు కావలసింది దొరికింది.

మా పనిలో ఒక అలవాటు ఉంది. మనిషి మాట్లాడింది ఒకటి, పేపర్లో పడేది ఒకటి. పోయిండు అంటే వెళ్లాడు అని రాస్తాం. దవాఖాన ఆసుపత్రి అవుతుంది, కిరాయి అద్దె అవుతుంది. చేరిన కొత్తలో డెస్కువాళ్లు దిద్ది పంపేవారు. తరువాత మా చేతులే దిద్దడం నేర్చుకున్నాయి. మనిషి చెబుతుంటేనే మా నోటుబుక్కులో అది పేపరు తెలుగై పడుతుంది. ఎల్లం గురించి కూడా అట్లాగే రాశాను. జీతమున్నడు అన్నది ఉద్యోగం చేశాడు అయింది. చెయ్యి వోయినా దొర జీతం ఇడ్వలే అన్నది ఇట్లా అయింది: "ప్రమాదంలో కుడిచేయి కోల్పోయినా మురహరిరావు గారు ఆయనను ఉద్యోగం నుంచి తొలగించలేదు."

పేపరు తెలుగులో జీతం అంటే నెల కాగానే చేతికి వచ్చేది. మా ఊళ్లలో జీతముండడం వేరు. దొర ఏడాదికింత జొన్నలిచ్చి మనిషిని ఉంచుకుంటాడు. పొద్దు లేదు, మాపు లేదు. మానేస్తానంటే కుదరదు. ఆ మనిషి పోతే కొడుకు రావాలి, కొడుకు లేకపోతే పెళ్లాం రావాలి. జీతం ఇడ్వలే అంటే చేయి తెగినా వదిలిపెట్టలేదని.

నాకు తెలియక రాసింది కాదు. మా వాడకట్టులో జీతమున్న మనుషులను చిన్నప్పుడు చూశాను. మొదటిసారి చేతి అలవాటు మీద రాశానని అనుకున్నా, మరునాడు పొద్దున రికార్డింగు మళ్లీ విన్నాను. రెండుసార్లు విన్నాను. అప్పుడు మార్చవచ్చు. మార్చలేదు. ఆ వాక్యం అధ్యాయం చివర బాగా కుదిరింది, అదొకటి. ఇంకొకటి, ఆ పుస్తకం ఆవిష్కరణకు కలెక్టరు స్థాయి వాళ్లు వస్తారు, నా భార్య ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమె తాత జీతగాడని నా పేరు మీద అచ్చు కావడం నాకు ఇష్టం లేకపోయింది.

మదన్ మోహన్ చదివి ఫోను చేశాడు. "చంద్రకాంత్ గారూ, తాతయ్య ఎలాంటి మనిషో చెప్పడానికి ఈ ఒక్క లైను చాలండీ," అన్నాడు. ఫలకం మీద ఎల్లం పేరు కింద అదే చెక్కిస్తానన్నాడు.

ప్రూఫు వచ్చిన రోజు రజని ఆ పేజీని ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టింది. స్వామి ఊరుకోలేదు. మెదక్ చర్చి దారిలో ఫ్లెక్సీలు వేసే ప్రకాశం దగ్గర ఒకటి కొట్టించి తన షాపు ముందు కట్టాడు. విమాన సంస్థ ఉద్యోగి కీర్తిశేషులు ఎల్లం గారి మనుమడు అని తన ఫొటో కింద రాయించుకున్నాడు. ఎల్లం ఫొటో లేదు కాబట్టి పక్కన ఒక విమానం బొమ్మ. అది ఇప్పటి జెట్ విమానం.

"బావ, మా తాత గాలిమోటరు తిప్పిండు, నేను లారీలకు గాలి కొడుతున్న," అన్నాడు నాతో. "గాలి మాత్రం మా ఖాందాన్ల నుంచి పోలే."

ప్రారంభానికి ముందు రోజుల్లో ఒకసారి అత్తమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఫలకం సంగతి రజని చెప్పినట్టుంది.

"దొర ఇంటి గోడకు మా నాయిన పేరు రాస్తున్రా?"

"రాస్తున్నరు అత్తమ్మ. రాతి మీద."

"చెయ్యి సంగతి రాసినవా?"

రాశానని చెప్పాను.

"గడిల జీతమున్నది?"

"అంత రాసిన."

ఆమె కాసేపు చేతుల వంక చూసుకున్నది. "గా గోడకేనా కొడుకా," అన్నది. తరువాత రజనితో తనకు ఒక కొత్త చీర కావాలన్నది. తనంతట తాను చీర అడగడం నేను ఎప్పుడూ వినలేదు. రజని రాందాస్ చౌరస్తా దగ్గర కొని తెచ్చింది.

ప్రారంభం రోజు ఎండ తీవ్రంగా ఉంది. స్వామితో కలిపి నలుగురం కారులో రేగులకుంటకు వెళ్లాం. గడికి సున్నం వేశారు. ముందు షామియానా, లోపల అద్దాల పెట్టెల్లో ఫొటోలు, హిమాయత్‌నగర్ నుంచి తెచ్చిన పంకా. కారు దిగగానే అత్తమ్మ పెద్ద దర్వాజ వైపు రాకుండా గోడ వెంట పక్కకు నడిచింది. రజని వెళ్లి చేయి పట్టుకున్నది.

"ఎటు వోతున్నవే అమ్మా?"

"పసుల దర్వాజ గిటు."

"ఇయ్యాల నువ్వు గెస్టువు. ముందల్నుంచి రా."

మోకాళ్ల నొప్పికి దగ్గర దారి వెతుకుతున్నదనుకున్నాను. ఆ మనిషికి ఆ ఇంట్లో పసుల దర్వాజ ఎట్లా తెలుసని అప్పుడు నాకు తట్టలేదు. మదన్ మోహన్ ఎదురు వచ్చి ఆమెకు దండం పెట్టాడు. ఆమె చీరకొంగు తల మీదికి లాక్కుని, వంగి, "బాగున్నరా, మీరు బాగుండాలె," అన్నది.

ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఉపన్యాసాలు అయ్యాయి. నా పుస్తకం చేతులు మారి ఫొటోలు దిగింది. తరువాత పనివాళ్ల పేర్లు ఒక్కొక్కటే మైకులో చదివి, ఆ కుటుంబాల వాళ్లు వస్తే శాలువా కప్పారు. ఎక్కువమంది రాలేదు. ఎల్లం పేరు దగ్గర అత్తమ్మను వేదిక మీదికి తీసుకువెళ్లారు. మైకు పట్టుకున్న అమ్మాయి ఫలకం మీద ఉన్నది చదివింది.

"శ్రీ ఎల్లం గారు. సంస్థ ఉద్యోగి. విధి నిర్వహణలో కుడిచేయి కోల్పోయారు. అయినా మురహరిరావు గారు ఆయనను ఉద్యోగం నుంచి తొలగించలేదు."

చప్పట్లు బాగా కొట్టారు. అత్తమ్మ శాలువాతో దిగివచ్చి కూర్చున్నది. వెనక వరుసలో నేను ఉన్నాను. ఆమె రజని వైపు వంగి అడిగింది.

"ఏమన్నది గాపిల్ల?"

రజని కళ్లు తుడుచుకుంటున్నది. "తాతకు చెయ్యి వోయినా గూడ దొర నౌకరీలకెల్లి తియ్యలేదని చెప్పింది అమ్మా. గంత మంచోడన్నట్టు."

అత్తమ్మ శాలువా తీసి, మడిచి, కుర్చీ కింద పెట్టింది. లేచేటప్పుడు దాన్ని అక్కడే వదిలేసింది. మరచిపోయిందనుకుని స్వామి తెచ్చి కారులో పెట్టాడు.

కారు ఎల్దుర్తి దాటింది. నేను నడుపుతున్నాను.

"గట్లని ఎవలు జెప్పిండ్రు వాళ్లకు?" అని అడిగింది అత్తమ్మ.

"నువ్వే జెప్పినవంట గదనే," అన్నది రజని. "నువ్వు చెప్పింది వినే రాసిండు."

అద్దంలో ఆమె ముఖం కనబడుతున్నది. నా వైపు చూసింది.

"మీరు సదువుకున్నోళ్లు," అన్నది. "జీతమంటే మీకు ఎర్క లేదా?"

పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను నువ్వు అనే అన్నది. అల్లుడా అన్నది, కొడుకా అన్నది. మీరు అనడం అదే మొదలు. పొద్దున మదన్ మోహన్‌తో మాట్లాడిన గొంతు అది. ముందు ఒక ట్రాక్టరు అడ్డం వస్తే హారను కొట్టాను.

ఇంటికి వచ్చాక ఆమె వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని రజనికి చెప్పింది. నేను ముందు గదిలో కూర్చున్నాను. నాకు వినబడకూడదని ఆమె గొంతు తగ్గించలేదు, వినబడాలని పెంచలేదు.

చేయి తెగాక ఎల్లాన్ని హైదరాబాదు నుంచి బండి మీద వెనక్కి పంపారు. ఇంటికి కాదు, గడికి. ఒంటిచేత్తో బావి దగ్గర నీళ్లు తోడేవాడు. రెండు చేతుల పని కావడం లేదని, తక్కువ పడిన పనికి ఆయన భార్యను రమ్మన్నారు. ఆమె నిండుచూలాలు. ఐలవ్వ పుట్టింది ఆ పసుల కొట్టంలో.

"మా అవ్వ సచ్చినంక నన్ను వెట్టుకున్నరు," అన్నది అత్తమ్మ.

"ఎక్కడ?"

"గడిల. పసులకాడ. నా లగ్గమయ్యేదాంక ఉన్న."

"నాకెన్నడు చెప్పలేదేందే?"

"ఏం జెప్పాలె బిడ్డా. మీ ఆయనకు చెప్పిన. రాస్తడని చెప్పిన. గా గోడకు రాస్తరంటె, మంచిదే, గా గోడకే రాయాలె అనుకున్న."

రజని ముందు గదిలోకి వచ్చి నిలబడింది. పండుగ చీర ఇంకా మార్చుకోలేదు.

"అమ్మ జీతమని చెప్పిందా నీకు, నౌకరి అని చెప్పిందా?"

"జీతమనే చెప్పింది."

"నీకు సమజయిందా?"

అయిందని చెప్పాను.

"మరి నేను ఆఫీసుల అందరికి చూపెట్టుకుంట తిరుగుతుంటె ఊకున్నవ్." కొంచెం ఆగి అడిగింది. "సిగ్గనిపిచ్చిందా, మా తాత జీతగాడని?"

నేను నేల వంక చూశాను. ముప్పై ఏళ్లలో ఎంతోమందిని ప్రశ్నలు అడిగాను. జవాబు చెప్పకుండా నేల చూసిన మనిషి గురించి ఏం రాసుకునేవాణ్నో నాకు తెలుసు. రజని లోపలికి పోయి ఫోనులో ఆఫీసు గ్రూపు తెరిచి ఆ ఫొటో తీసేయబోయింది. పెట్టి వారాలు దాటాయి, అందరి ఫోన్లలోనుంచి అది పోదని తేలింది.

మరునాడు అత్తమ్మ స్వామిని పిలిపించుకుంది. సంచి సర్దుకున్నాక నా గది గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

"ఒక్క పని జేయుండ్రి," అన్నది. "మా నాయిన పేరు ఆడికెల్లి తీపియ్యుండ్రి."

మంచిగ రాపిస్తాను అత్తమ్మ, మళ్లీ చెక్కిస్తాను అన్నాను.

"వద్దు. తీపియ్యుండ్రి."

చేగుంటలో స్వామి ఫ్లెక్సీ దింపేశాడు. పారేయలేదు, తిప్పి తెల్లవైపు బయటకు వచ్చేట్టు షాపు ముందు ఎండకు అడ్డంగా కట్టాడు. ఆ వారం నేను వెళ్తే చాయ తెప్పించాడు, బావ అన్నాడు, గాలి మాట ఎత్తలేదు. అమ్మ పడుకుందని చెప్పాడు. లోపల ఆమె ఎవరితోనో మాట్లాడుతున్నది వినబడింది. నేను చాయ తాగి వచ్చేశాను.

మదన్ మోహన్‌ను కలవడానికి హైదరాబాదు వెళ్లాను. ఆయన మర్యాద తప్పే మనిషి కాదు. ఫలకం మీద పొరపాటు పడిందని, ఎల్లం ఉద్యోగి కాదని, గడిలో జీతగాడని చెప్పాను.

"జీతం అంటే శాలరీయే కదండీ?" అన్నాడు.

కాదని వివరించాను. ఆయన విన్నాడు. నిజంగానే ఆ మాటకు ఆ అర్థం ఆయనకు తెలియదనిపించింది.

"అది ఆ కాలం, చంద్రకాంత్ గారూ. మా తాతయ్య ఒక్కడే చేశాడా? అయినా, ఆ పెద్దావిడ బాధపడితే నాకూ బాధే. ఉద్యోగి అన్నచోట మీరు చెప్పిన మాటే పెడదాం. జీతం మీద పనిచేశారు, చేయి పోయినా జీతం విడవలేదు. సరేనా?"

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఆమె అన్న మాటలు దాదాపు అవే. రాతి మీద అవి పడితే చదివినవాడికి నెలనెలా డబ్బులే గుర్తుకొస్తాయి. జీతం అన్న మాటను అచ్చులో నాలాంటి వాళ్లం అంత దూరం తెచ్చి పెట్టాం. "చేయి తెగిన తరువాత కూడా మురహరిరావు ఆయనను వెట్టి నుంచి విడిచిపెట్టలేదు అని చెక్కించగలరా?" అని అడిగాను.

"మా ఇంటి గోడ మీదనా?" అన్నాడు. కోపంగా అనలేదు. "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మేం పుట్టి పెరిగింది సిటీలో. ఈ సంగతులు మాకేం తెలుసు? మీరు రాసిందే కదండీ మేం చెక్కించింది."

ఔనన్నాను. పేరు తీసేయమని కుటుంబం కోరుతున్నదని చెప్పాను. అది చేయిస్తానన్నాడు. పుస్తకం సంగతి అడిగాను. ప్రతులు లైబ్రరీలకు, కాలేజీలకు వెళ్లిపోయాయి. మళ్లీ వేసినప్పుడు చూద్దామన్నాడు. మెదక్ లైబ్రరీలో ఆ పుస్తకం ఉంది. ఎల్లం అధ్యాయం చివరి వాక్యం కింద ఎవరో పెన్సిలుతో గీత గీశారు, బాగుందని.

మృగశిర వచ్చింది. ఒక వాన పడి మళ్లీ ఎండ కాసింది. మదన్ మోహన్ పంపిన మనిషి ఫలకం మీద ఆ భాగాన్ని మిషనుతో అరగదీసి మళ్లీ పాలిషు పట్టాడు. రజని చేగుంటకు ఫోను చేసి చెప్పింది. తాను చూడాలని అత్తమ్మ అన్నదట. స్వామి ఆమెను ఆటోలో తీసుకువచ్చాడు. మేం మెదక్ నుంచి వెళ్లాం.

ఫలకం వరండాలో గోడకు ఉంది. చుట్టూ ఎవరూ లేరు, తాళాలు తీసిన మనిషి తప్ప. పేరు ఉన్నచోట రాయి కొంచెం పల్లంగా కనబడుతున్నది. అత్తమ్మకు చదువు రాదు. ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏది?" అన్నది.

"ఇగో అత్తమ్మ, ఇక్కడ ఉండె," అని నేను ముందుకు వచ్చి చేయి ఎత్తాను.

ఆమె నా చేతి వైపు చూడలేదు. "రజనీ, నువ్వు సదువు బిడ్డా," అన్నది.

నేను వరండా దిగి పక్కకు జరిగాను. రజని ఒక్కొక్క పేరు, దాని కింద ఉన్నది చదివింది. పల్లం దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈడ ఖాళీ ఉన్నదమ్మా."

"ఏం రాసి లేదా?"

"ఏం లేదు."

"మల్ల సదువు. మొదటికెల్లి."

రజని మళ్లీ చదివింది. అత్తమ్మ ఒక్కో పేరుకు తల ఊపుతూ విన్నది. చివరి పేరు కూడా అయ్యాక, అరిచేయి ఆ పల్లం మీద పెట్టి, కొంచెంసేపు ఉంచి, తీసింది. మెట్లు దిగడానికి స్వామి చేయి అందించాడు. నన్ను దాటి పోతూ ఆగింది. కొంగు తల మీదికి లాక్కున్నది.

"ఎండల నిలవడకుండ్రి," అన్నది. "నీడకు పోండ్రి."

నేను నీడకు జరిగాను.